నామవాచకము: నేను నేర్చుకొనిన పాఠము

మన పాఠశాల వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరగా, ఏ విషయమును గూర్చి వ్రాయవలెనని అడిగితిని. "మీరు జీవితమంతయు ఇంగ్లీషు వ్యాకరణము చెప్పినవారు గదా, దానిని గూర్చియే వ్రాయుడు" అని వారనిరి. వ్యాకరణమను మాట చూడగానే విద్యార్థులు ఈ పుట తిప్పివేయుదురని నేనెరుగుదును. అయినను ఒక్క మాట. వ్యాకరణములో మొదటి పాఠము నామవాచకము. దానిని నేను ముప్పదియేండ్లకు పైగా బోధించితిని. దానిని నిజముగా నేర్చుకొనినది మాత్రము ఒక బాలుని కంట నీరు పెట్టించిన తరువాతనే. ఆ సంగతి దాచుకొనుటకంటె చెప్పుటయే మేలని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నా చిన్ననాట మాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టరుగారు నెస్‌ఫీల్డు దొర వ్యాకరణమును కంఠస్థము చేసినవారు. మనుష్యుని గాని, స్థలమును గాని, జంతువును గాని, వస్తువును గాని తెలుపు పేరే 'నౌను' అని వారు చెప్పగా మేము ఏకకంఠముతో వల్లించెడివారము. నౌనులు ఐదు విధములు. 'నాగావళి' అనునది ఒక్కదానికే చెందిన పేరు గనుక సంజ్ఞావాచకము. 'నది' అనునది నదులన్నిటికిని చెల్లును గనుక జాతివాచకము. 'మంద' సమూహవాచకము. బుడితి కంచరులు చెంబులు చేయు 'ఇత్తడి' ద్రవ్యవాచకము. 'దయ' కంటికి కానరాదు, చేతికి చిక్కదు గనుక భావవాచకము. ఈ ఐదింటిని తడబడక అప్పగించిన వానికి బెత్తము దెబ్బలు తప్పెడివి. నాకెన్నడును తడబాటు కలుగలేదు. నౌనును గూర్చి తెలిసికొనవలసినదంతయు నాకు తెలిసినదనియే నేను నమ్మితిని. ఆ నమ్మకముతోనే పెద్దవాడనై, ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని, నాగావళి తీరమున ఒక పల్లెటూరి పాఠశాలలో ప్రవేశించితిని. ఆ యూరి పేరును, ఆ పాఠశాల పేరును ఇచ్చట చెప్పను. తప్పు వాటిది కాదు, నాది.

మొదటి సంవత్సరముననే ఏడవ తరగతి పిల్లలకు 'నా తల్లి' అను విషయముపై ఇంగ్లీషులో ఐదారు వాక్యములు వ్రాయుమని చెప్పితిని. మరునాడు పుస్తకములు దిద్దుచుండగా ఒక బాలుని వ్రాత నా కంటబడెను. వాడు కూలిజనుల బిడ్డ. అక్షరములు ముత్యములవలె కుదురుగా నుండెను. "మై మదర్ ఈజ్ ఎ గుడ్ ఉమన్. ఇట్ గెట్స్ అప్ బిఫోర్ ది కాక్. ఇట్ గివ్స్ మి అంబలి." తల్లిని వాడు 'షి' అని వ్రాయక 'ఇట్' అని వ్రాసెను. ఒకచోట కాదు, అన్నిచోట్లను అట్లే వ్రాసెను.

నేను చేయవలసిన పని వానిని నాయొద్దకు పిలిచి మెల్లగా చెప్పుట. చేసిన పని వేరు. పుస్తకమును చేతబట్టుకొని ఆ వాక్యములను తరగతికంతకు బిగ్గరగా చదివితిని. "మన తల్లులు మనుష్యులు, వీని తల్లి మాత్రము వస్తువు కాబోలు!" అని హాస్యమాడితిని. పిల్లలందరు విరగబడి నవ్విరి. నేనును నవ్వితిని. ఆ బాలుడు తలవంచుకొని నిలుచుండెను. వాని కన్నీరు పుస్తకముపై పడి సిరా చెదరెను. నేను దానిని చూచియు చూడనట్లుంటిని.

ఆ సాయంకాలమునకే వానికి 'ఇట్టు' అని పేరు పడెను. వాడు నీళ్ల కుండ దగ్గరకు పోయినచో "అదిగో, ఇట్టు వచ్చింది" అని పిల్లలు కేకలు వేయుచుండిరి. వచ్చినాడనరు, వచ్చిందనియే యనుచుండిరి. పిల్లలు క్రూరులు కారు గాని, పెద్దలు చూపిన దారిలో పెద్దలకంటె వేగముగా పరుగిడుదురు. నౌననగా పేరు అని వారికి నేర్పినవాడను నేనే. ఒక బాలునికి ఒక చెడ్డపేరు సమకూర్చినవాడనును నేనే.

మూడవనాటినుండి వాడు బడికి రాలేదు. మొదట జ్వరమని యనుకొంటిని. వారము గడచెను. వాని స్థలము ఖాళీగా నుండుట చూచినప్పుడెల్ల నా మనస్సు కలుక్కుమనుచుండెను. తుదకొక శనివారము సాయంకాలము వాని యింటికి పోయితిని. అది తాటాకుల పాక. తల్లి వాకిట కూర్చుండి చోళ్లు చెరుగుచుండెను. నన్ను చూచి గబాలున లేచి, చీరచెరగు సవరించుకొని, పీట తెచ్చి వేసెను. బాలుడు దూలము చాటున దాగెను.

"మావోడు ఏటి తప్పు రాసినాడు బాబూ? అడిగితే సెప్పడు. బడికెల్లనంటాడు" అని ఆమె యడిగెను.

నేను గొంతు సవరించుకొని, "పెద్ద తప్పేమీ కాదమ్మా. ఇంగ్లీషులో ఆడవాళ్లకు ఒక మాట ఉంది, జంతువులకూ వస్తువులకూ వేరే మాట ఉంది. వీడు తల్లికి రాయవలసినచోట ఆ రెండో మాట రాశాడు" అని చెప్పితిని.

ఆమె కొంచెము సేపు ఆలోచించెను. పిదప ఎంతో వినయముగా, "మరి మనం అలాగే కదా బాబూ అంటాం? అమ్మొచ్చింది అంటాం, ఆవొచ్చింది అంటాం. అయ్యొచ్చినాడు అంటాం. అమ్మకి వేరేగా ఏటంటాం?" అనెను.

నేను నిరుత్తరుడనైతిని. ఐదు విధముల నౌనులను తడబడక అప్పగించిన నేను, చదువురాని ఆ తల్లి యడిగిన ప్రశ్నను నా జన్మలో ఒక్కనాడైనను వేసికొనలేదు. నిజమే గదా! మన తెలుగులో తల్లి వచ్చినను 'వచ్చినది', ఆవు వచ్చినను 'వచ్చినది', బండి వచ్చినను 'వచ్చినది'. తండ్రి వచ్చినప్పుడే 'వచ్చినాడు'. ఆ బాలుడు తల్లిని అవమానింపలేదు. తల్లి యొడిలో నేర్చిన భాషకు లోబడి, ఆ భాషలోని క్రియను చూచి, దానికి తగిన ఇంగ్లీషు మాట ఏదియో వెదకి వ్రాసెను. వానిది అజ్ఞానము కాదు. అది ఒక వ్యాకరణము. ఆ వ్యాకరణమును నేనే ఎరుగకపోతిని.

ఆ రాత్రి ఇంటికి వచ్చి చిన్నయసూరి బాలవ్యాకరణమును తిరిగి తెరచితిని. పురుషులను తెలుపు మాటలు మహద్వాచకములు, స్త్రీలను తెలుపు మాటలు మహతీవాచకములు, తక్కినవి అమహద్వాచకములు. స్త్రీలను తెలుపు మాటలు ఏకవచనమున అమహత్తులతో చేరును. బహువచనమున మహత్తులతో చేరును. అందువలననే ఒక అమ్మ 'వచ్చినది'. పదిమంది అమ్మలు 'వచ్చిరి'. ఆవులు పదియైనను 'వచ్చినవి' అనియే యందుము. పరీక్షకై చదివి మరచిన ఈ సంగతి, తెలుగు పండితుని గదిలో ఒకటి, ఇంగ్లీషు మాస్టరు గదిలో మరియొకటిగా, రెండు గోడల నడుమ చిక్కి యుండెను. ఆ గోడను దాటి అటునుండి ఇటు చూచినవాడను కాను. మన పొరుగు భాషలైన తమిళ కన్నడములలో స్త్రీకి ఏకవచనమునందే వేరు రూపము కలదు. ఆ మాటలాడు బాలుడు ఈ తప్పు చేయడు. తెలుగు బాలుడే చేయును.

మరికొంత చదువగా మరియొక వింత తెలిసెను. వెయ్యేండ్ల క్రిందటి ఇంగ్లీషులో నౌనులకు మూడు లింగములు కలవు. అవి అర్థమునుబట్టి గాక మాటనుబట్టి యుండెడివి. స్త్రీయను అర్థము గల 'వీఫ్' అను మాట, నేటి 'వైఫ్' అనుదానికి మూలమైనది, ఆ కాలమున నపుంసకలింగము! దానినుండియే పుట్టిన 'వీఫ్‌మన్' అను మాట, నేటి 'ఉమన్' అనుదానికి మూలము, పుంలింగము! కాలక్రమమున ఆ లింగములు నశించి, ఇప్పటి 'హి', 'షి', 'ఇట్' అను తీరు స్థిరపడెను. అనగా నా విద్యార్థిని చూచి నవ్వుటకు ఆ దొరల తాతముత్తాతలకు సైతము హక్కు లేదు. నాకు మొదలే లేదు.

సోమవారము ఆ బాలుని చేయిపట్టుకొని బడికి తీసికొనివచ్చితిని. తరగతిలో నల్లబల్లపై 'అమ్మ వచ్చింది', 'ఆవు వచ్చింది', 'నాన్న వచ్చినాడు' అని వ్రాసి, ఈ వాక్యములలో ఎవరు ఎవరితో జతకూడిరో చెప్పుమని పిల్లల నడిగితిని. వారు క్షణములో చెప్పిరి. "ఈ సంగతి మీలో ఒకడు నాకంటె ముందు కనిపెట్టినాడు. నేను తెలియక నవ్వితిని. తప్పు నాది" అని అందరి యెదుట చెప్పితిని. అట్లు చెప్పుటకు నా గొంతు వణకెను. అటుపిమ్మటనే "తెలుగు అట్లు విభజించును, ఇంగ్లీషు ఇట్లు విభజించును" అని 'షి', 'ఇట్' భేదమును బోధించితిని. ఆ తరగతిలో ఆ తప్పు మరల నాకు కనబడలేదు.

నాటినుండి నా బోధనాపద్ధతి మారెను. తప్పు కనబడగానే ఎర్రసిరా తీయుట మాని, 'ఈ వాక్యము వెనుక ఏ తెలుగున్నది?' అని చూచుట అభ్యాసము చేసికొంటిని. అట్లు చూడగా నౌను పాఠమంతయు నాకు క్రొత్తగా కనబడెను. వచనము సంగతి చూడుడు. పిల్లలు 'మిల్క్స్' అనియు 'వాటర్స్' అనియు వ్రాయుదురు. ఏల వ్రాయరు? తెలుగులో పాలు, నీళ్లు నిత్యబహువచనములు. పాలు పొంగినవి, నీళ్లు కాగినవి. 'బియ్యము' చూపునకు ఏకవచనమువలె నున్నను, అవి నిండుకొన్నవనియే మన తల్లులందురు. చోళ్లు, గంటెలు, పెసలు, కందులు అన్నియు బహువచనములే. ఇంగ్లీషువాడు పాలను, నీటిని, బియ్యమును లెక్కింపరాని ద్రవ్యములుగా నెంచి ఏకవచనములో నుంచును. అట్లని వాని దారి సూటిగా నున్నదా యనగా, లేదు. గోధుమకు చెప్పు 'వీట్' ఏకవచనము. 'ఓట్స్' అను ధాన్యమో బహువచనము. రెండును పొలమున పండునవియే, రెండును గింజలే. మనకు కత్తెర ఒక్కటి. వారికి 'సిజర్స్' అని బహువచనము. మనకు లాగు ఒక్కటి. వారికి 'ట్రౌజర్స్' అని బహువచనము. మనము సలహాలిత్తుము, వారి 'అడ్వైస్' ఎంత యిచ్చినను ఏకవచనమే. వస్తువు ఒక్కటే, దానిని ఒకటిగా చూచుటయో పలుగా చూచుటయో ఆయా భాష నిర్ణయించుకొనును. కావున నౌను వస్తువునకు పేరు మాత్రమే కాదు, ఒక జాతి ఆ వస్తువును చూచిన చూపు కూడ.

విభక్తి సంగతియు నిట్టిదే. 'కుక్క పిల్లిని తరిమెను' అన్నను, 'పిల్లిని కుక్క తరిమెను' అన్నను తెలుగులో అర్థము మారదు. 'ని' అను ప్రత్యయము పిల్లిని ఎక్కడికి పోయినను వెంబడించి, తరుమబడినది ఇదియే యని చాటుచుండును. ఇంగ్లీషులో ఆ రెండు మాటల స్థానములు మార్చినచో పిల్లియే కుక్కను తరుమును! వారి నౌనులకును పూర్వము విభక్తి ప్రత్యయములుండెను. అవి చాలవరకు అరిగిపోయి, 'యొక్క' అను అర్థమిచ్చు చివరి 'ఎస్' మాత్రము మిగిలినది. అందుచే ఇంగ్లీషు నౌనునకు అది కూర్చున్న చోటే విభక్తి. ఈ మాట చెప్పిన దినమున, మాట క్రమమును గూర్చి నేను రెండేండ్లు చెప్పి విఫలుడనైన సంగతి పిల్లలకు ఒక్క గడియలో బోధపడెను.

ఇచ్చట మన మిషను చరిత్రలోని ఒక సంగతి స్మరింపదగినది. 1805లో లండన్ మిషనుకు చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజస్ అను వారిరువురు విశాఖపట్టణమునకు వచ్చిరి. కేంబెల్ దొర తెలుగు వ్యాకరణము 1816లోను, బ్రౌను దొర వ్యాకరణము 1840లోను వెలువడినవి గనుక, వారికి అట్టి గ్రంథముల సహాయము లేదు. జనులనుండియే తెలుగు నేర్చుకొనవలసి వచ్చెను. ఇంగ్లీషు మాటలాడువాడు తెలుగు నేర్చునపుడు మన బాలుని తప్పే తలక్రిందుగా చేయును. తల్లియు మనిషియే గదా యని 'అమ్మ వచ్చినాడు' అనును. దొర అట్లన్నచో మనము ముచ్చటపడి, 'ఎంత చక్కగా తెలుగు మాటలాడుచున్నారు!' అందుము. మన పల్లె బిడ్డ 'ఇట్' అన్నచో పకపక నవ్వుదుము. రెండును ఒక్క తప్పే. ఒకరికి మన్నన, మరియొకరికి అవమానము ఏల? ఈ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేదు, సిగ్గు మాత్రమున్నది.

భాషను గౌరవించుట యెట్లో మన సీమవాడే ఒకడు చూపి పోయెను. 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో జన్మించి, విజయనగరమున చదివి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు, కొండలపై సవరలాడు భాషను విని, దానిని నేర్వ దలచిరి. ఆ భాషకు అప్పుడు పుస్తకము లేదు. తెలుగు తెలిసిన సవర నొకని గురువుగా నెంచుకొని ఆ మాటలు వ్రాసికొనిరి. సవర పిల్లలకు వారి మాటలోనే వాచకములు కూర్చి, బడులు పెట్టించిరి. వారి సవరభాషా గ్రంథమును 1931లో మద్రాసు ప్రభుత్వము ప్రకటించెను. ఆ భాషలో నామవాచకము విడిగా నున్నప్పుడు ఒక రూపము. క్రియలోనికి చొచ్చుకొని దానితో నేకమైనప్పుడు మరియొక పొట్టి రూపము. కర్మ క్రియలో కరగిపోవును! నెస్‌ఫీల్డు ఐదు గదులలో దీనికి చోటు లేదు. కొండవాని నోట వినబడినదంతయు అపభ్రంశమని తోసివేసినవానికి ఈ యద్భుతము కనబడునా? పంతులుగారు ముందు చెవియొగ్గిరి. తరువాత వ్యాకరణము వ్రాసిరి. నేను ముందు వ్యాకరణము నేర్చితిని. చెవియొగ్గుట చాల ఆలస్యముగా నేర్చితిని. వాడుక భాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని గూర్చి ఈ సంచిక సంప్రదాయముననుసరించి గ్రాంథికమున వ్రాయుచున్నందుకు వారి ఆత్మ నన్ను మన్నించుగాక.

ఇక ఆ బాలుని సంగతి. వాడు చదువు మానలేదు. పదవ తరగతి ముగించి వెడలెను. కాని నేను క్షమాపణ చెప్పినంతమాత్రమున 'ఇట్టు' అను పేరు పోలేదు. నేను వినకుండ పిల్లలు పిలుచుచునే యుండిరి. నల్లబల్లపై వ్రాసినది తుడువవచ్చును. నోట పడిన పేరు తుడుచుట ఎవరి తరము కాదు.

చాల యేండ్ల తరువాత ఆమదాలవలసలో రైలు కొరకు వేచియుండగా, ఒక నడివయస్సు మనిషి వచ్చి నాకు నమస్కరించెను. ప్రక్కన ఒక చిన్న పిల్ల. "మాస్టారూ, నన్ను గుర్తు పట్టారా?" అని యడిగెను. ముఖము చూడగానే గుర్తుపట్టితిని. కాని పేరు పెట్టి పిలువబోగా నా నాలుకకు వచ్చినది ఒక్కటే మాట. ఆ మాటను పెదవుల దగ్గరనే ఆపుకొంటిని. వాని నిజమైన పేరు ఎంత తడవుకొన్నను జ్ఞప్తికి రాలేదు. ముప్పదియేండ్లు సంజ్ఞావాచకమును బోధించిన నాకు, నా విద్యార్థి సంజ్ఞావాచకము తెలియలేదు. నా తడబాటును వాడు గ్రహించెను. చిరునవ్వుతో తన పేరు తానే చెప్పెను. పిదప బిడ్డ వైపు తిరిగి, "మా ఇంగ్లీషు మాస్టారమ్మా. మీ నానమ్మను చూడ్డానికి మన ఇంటికి వచ్చినారు" అనెను. నేను వచ్చినది ఎందులకో నాకు తెలియును. వాడు జ్ఞాపకముంచుకొనినది మాత్రము నేను వచ్చితినను మాటయే.

విద్యార్థులారా, మీ తోటివాడు తప్పు మాటలాడినప్పుడు నవ్వు వచ్చినను, ఆ తప్పు ఏ యింటినుండి వచ్చినదో ఒక్క నిమిషము ఆలోచింపుడు. తలిదండ్రులారా, మీ యింటి మాట బడి చదువునకు అడ్డు అని మీరు చిన్నబోవలదు. దానిపై నిలువబడియే బిడ్డ రెండవ భాషను అందుకొనును. నా తోటి ఉపాధ్యాయులారా, హాజరు పట్టీ తెరచినప్పుడు మనము ముందుగా చదువునవి నామవాచకములే. వాటిని సరిగా పలికి, సరిగా జ్ఞాపకముంచుకొనుడు. ఆ బాలుని పేరు ఇప్పుడు నాకు తెలియును. వాని అనుమతి లేదు గనుక ఇచ్చట వ్రాయను. కాని ప్రతిదినము ఒక్కసారియైనను మనస్సులో ఉచ్చరించుకొందును.